గట్టు మీది తంగేడు



ఈనాడు మీతో ముచ్చటించదలచినది వరి గురించి కాదు, పత్తి గురించి కాదు. విత్తనం కొనకుండానే, నీరు పెట్టకుండానే, మీ చేని గట్టున తనంతట తాను మొలిచి ఏటేటా పూచే ఒక పొదను గురించి. అదే తంగేడు. "దాన్ని గురించి చెప్పడానికేమున్నది, పుట్టినప్పటినుంచీ చూస్తూనే ఉన్నాం గదా" అని మీరనవచ్చును. నిజమే. రోజూ కంటికి కనబడేదాని విలువ మనకు తట్టదు. అది పోయిన తరువాతనే తడుతుంది. నాకు అట్లాగే తట్టినది. ఆ సంగతి కూడా దాచకుండా చెబుతాను.

ముందుగా మొక్కను సరిగా గుర్తు పడదాం. తంగేడు మన దేశపు మొక్కే. తెలంగాణలోని చల్క నేలల్లో, దుబ్బ నేలల్లో, రాయలసీమ ఎర్ర ఇసుక నేలల్లో, వానలు తక్కువైన మైదానాల్లో ఇది విరివిగా పెరుగుతుంది. తమిళులు దీన్ని ఆవారం అంటారు. శ్రీలంకలో రణవరా అంటారు. సాధారణంగా నడుమెత్తు మొదలు మనిషి నిలువెత్తు వరకు పెరుగుతుంది. ఒక్కొక్క ఈనెకు 8 మొదలు 12 జతల చిన్న ఆకులుంటాయి. ఆకు కాడ కొమ్మకు అంటిన చోట చూడండి, చిన్న చెవి ఆకారంలో ఒక పచ్చని రేకు కనబడుతుంది. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరులో 'చెవులు గలది' అనే అర్థం వచ్చే మాట ఉన్నది, ఆ రేకును చూసే పెట్టారు. పువ్వుకు అయిదు రెక్కలు, మంచి పసుపు రంగు. కాయ బల్లపరుపుగా, పలుచగా, ఎండితే కాగితం వలె గలగలలాడుతుంది.

దీనిని పోలిన పసుపు పూల మొక్కలు మరి రెండు మన పొలాల చుట్టూ ఉన్నవి. ఒకటి తగిరిస. దానికి ఈనెకు మూడే జతల ఆకులు. రెండవది కసింద. దాని ఆకులు కొనలు తేలి ఉంటాయి, జతలు కూడా తక్కువ. ఈ కసింద విషయంలో ఒక హెచ్చరిక. దాని గింజలు తిన్న పిల్లలకు ప్రాణాపాయం కలుగుతుంది, పశువులకూ హాని. పచ్చికాయలు చూసి చిక్కుడు జాతి గింజలనుకొని పిల్లలు నోట పెట్టుకొంటారు. కనుక ఇంటి చుట్టూ, బడి చుట్టూ, పశువుల పాక చుట్టూ కసింద ఉంటే పీకివేయండి. తంగేడును మాత్రం దానితో జమకట్టి పీకకండి.

ఇప్పుడు నా సంగతి. డిప్లొమా చదువు ముగించి విస్తరణాధికారిగా చేరిన కొత్త రోజులు. పాత పాలమూరు జిల్లాలో ఒక ఊరు నాకు అప్పగించారు. గట్ల మీద పిచ్చి మొక్కలుంటే ఎలుకలకు, పురుగులకు ఆశ్రయమని పుస్తకంలో చదివి వచ్చినవాణ్ణి. 2016 వేసవిలో ఒక పెద్దవ్వ చేను చూడబోయినాను. రెండెకరాల చల్క, కిందికి వాలుగా ఉన్నది. అడుగు గట్టున ఈ చివరినుంచి ఆ చివరిదాకా తంగేడు పొదలు బారు తీరి ఉన్నవి.

"అవ్వా, ఈ పొదల కింద రెండు గుంటల నేల పోతున్నది. వేర్లతో సహా తీసివేయిస్తే గట్టు సన్నమవుతుంది, ఇంకో రెండు సాళ్లు వస్తవి" అన్నాను.

ఆమె కొంచెంసేపు ఊరకున్నది. "మా మామ పెట్టిండు బిడ్డా వీటిని. నువ్వు సదువుకున్నోనివి, నీ మాట కాదంటనా" అన్నది. వానలకు ముందే కూలీలను పెట్టి గడ్డపారలతో పెకలించివేశారు. గట్టు శుభ్రంగా కనబడింది. నేను సంతోషించినాను.

ఆ ఏడు సెప్టెంబరు చివర పెద్ద వానలు పడినవి. ఒక రాత్రి కురిసిన వానకు ఆ గట్టు రెండు చోట్ల తెగింది. తెల్లవారి వెళ్లి చూస్తే చేని మధ్యనుంచి మోకాలి లోతు గండి. కంది మొక్కలు వేర్లతో లేచిపోయినవి. మెత్తని పైమన్నంతా కొట్టుకుపోయి, గరుకు ఇసుక, రాళ్లు మిగిలినవి. పక్కనే మరొక రైతు చేను. అదే వాలు, అదే నేల, అదే వాన. ఆయన తంగేడు తీయలేదు. ఆయన గట్టు నిలిచినది.

ఒక్క చేనును చూసి శాస్త్రం చెప్పరాదు, నాకు తెలుసు. కాని కారణం ఆలోచిస్తే బోధపడుతుంది. తంగేడు వేరు లోతుకు దిగుతుంది, పక్కవేర్లు మన్నును పట్టి ఉంచుతాయి. ఇసుక పాలు ఎక్కువైన మన్నులో జిగురు తక్కువ. తనంతట తాను నిలిచే శక్తి దానికి లేదు. వేరే దానికి తాడు. ఆ వేరును గడ్డపారతో లాగినప్పుడు తాడు తెంపడమే గాక, వేరు ఉన్నచోట గుంతలు, పగుళ్లు మిగిల్చినాము. వాన నీరు ఆ పగుళ్లలో దూరి గట్టును లోపలినుంచి కరిగించింది.

పెద్దవ్వ నన్ను ఒక్క మాట అనలేదు. గండి దగ్గర నిలబడి, "గట్టు తెగితే పోసుకుంటం. కొట్టుకపోయిన మన్నును ఏడికెల్లి తెస్తం బిడ్డా?" అన్నది. తరువాత కొద్ది రోజులకే బతుకమ్మ పండుగ. ఏటా ఆ గట్టు పూలతోనే ఆమె ఇంట బతుకమ్మను పేర్చేవారట. ఆ ఏడు ఆమె మనుమరాలు ఖాళీ గంప పట్టుకొని పక్క చేను రైతును పూలు అడుగబోతుంటే చూశాను. నేనిచ్చిన సలహాకు వచ్చిన ఫలం అది. సోదరులారా, పంట నష్టానికి లెక్క కట్టవచ్చును. దీనికి ఏ లెక్క కట్టను?

అప్పటినుంచి నేను ఈ మొక్కను గురించి పెద్దలను అడిగి, పుస్తకాలు చూసి, చేలలో గమనించి తెలుసుకొన్నది మీ ముందు పెడుతున్నాను. దీనికి ఉన్న గుణాలు చెబుతాను, లేని గుణాలు కూడా చెబుతాను.

మొదటి గుణం మీరు విన్నదే, గట్టు కాపలా. దీన్ని సాధారణంగా పశువులు మేయవు. అందువల్ల కంచె లేకుండానే బతుకుతుంది. మేపుకు పనికిరాదని కొందరు దీన్ని తక్కువ చేస్తారు. గట్టు మీద ఉండవలసిన మొక్కకు పశువు నోరు పెట్టకపోవడమే మేలు గదా!

రెండవ గుణం పచ్చాకు ఎరువు. వరి మడిలో తంగేడు మండలు తొక్కడం మన తాతల నాటి అలవాటు. చౌడు పట్టిన మడిలో కూడా తొక్కేవారు. ఆకు మురిగితే మన్ను మెత్తబడుతుంది, సేంద్రియ పదార్థం పెరుగుతుంది. అయితే లెక్క తెలిసి చేయాలి. ఎకరానికి 2 టన్నుల పచ్చాకు వేయాలంటే, మోపు 20 మొదలు 25 కిలోలనుకొంటే, 80 మొదలు 100 మోపులు కావాలి. ఒక గట్టు మీద అంత ఆకు రాదు. కనుక ఎకరమంతా పలుచగా చల్లి ఫలితం లేదనుకొనేకన్నా, నారుమడికి వేయండి. రెండు గుంటల నారుమడికి క్వింటాలు ఆకు, అంటే నాలుగైదు మోపులు చాలు. నారు పోయడానికి 10 మొదలు 15 రోజుల ముందు లేత మండలు మాత్రమే వేసి, నీరు పెట్టి, బాగా తొక్కండి. ముదురు కట్టెలు త్వరగా మురగవు, కాలికి గుచ్చుకుంటాయి. వాటిని ఏరి పొయ్యికి వాడుకోండి.

ఇక్కడ ఒక అపోహ తీర్చవలసి ఉన్నది. తంగేడు కాయ చిక్కుడు కుటుంబపు కాయ. కనుక కంది, పెసర, జీలుగ వలె ఇది కూడా గాలిలోని నత్రజనిని వేళ్లలో నిలువ చేస్తుందని చాలామంది అనుకొంటారు. నేనూ అట్లాగే అనుకొని రైతులకు చెప్పినాను. అది సరికాదు. తంగేడును తవ్వి వేరు చూడండి, పెసర వేరు మీద కనబడే బుడిపెలు కనబడవు. గాలినుంచి నత్రజనిని తెచ్చే పని ఇది చేయదు. ఆకులో ఉన్న సారమంతా అది నిలబడిన నేలనుంచి తీసుకొన్నదే. అంటే తంగేడు ఆకు తొక్కినప్పుడు గట్టు సారాన్ని, బంజరు సారాన్ని మడికి మోసుకువస్తున్నామన్న మాట. మంచిదే. కాని ఒకే పొదను ఏడాదికి మూడుసార్లు నరికితే అది నీరసిస్తుంది. మడిలో బలానికి జీలుగ, జనుము, పిల్లిపెసర విత్తుకోండి. తంగేడును వాటికి తోడుగా వాడుకోండి, వాటికి బదులుగా కాదు.

మూడవది బెరడు. దీని బెరడులో తోళ్లను పదునుచేసే వగరు పదార్థం నూటికి సుమారు 15 మొదలు 20 పాళ్లు ఉంటుంది. ఊళ్లలో తోలు పని చేసేవారు లందలో, అంటే తోళ్లు నానవేసే తొట్టిలో, తంగేడు చెక్క వేసి తోళ్లను నిలువ ఉండేట్లు చేసేవారు. మోటబావి నీరు తోడిన తోలు బొక్కెన, కాలి చెప్పు, ఎద్దు మెడ పట్టెడ, అన్నిటి వెనుకా ఈ చెక్క ఉన్నది. ఒకప్పటి మద్రాసు రాష్ట్రపు తోళ్ల కార్ఖానాలకు కూడా ఈ చెక్క బండ్ల మీద పోయేది. తరువాత దక్షిణాఫ్రికానుంచి వాటిల్ చెక్క దిగుమతి అయి దీని చోటు చాలావరకు తీసుకొన్నది. నేడు తోళ్లలో ఎక్కువ భాగం క్రోమియం లవణాలతో పదునవుతున్నవి. కనుక చెక్క అమ్మి ధనవంతులవుతారని నేను చెప్పను. కొనేవారు అడిగితే మాత్రం, నిలబడిన కొమ్మకు బెరడు ఒలవకండి. చుట్టూ బెరడు ఒలిస్తే ఆ కొమ్మ ఎండిపోతుంది. నరికిన కొమ్మకే ఒలవండి. మొద్దు మళ్లీ చిగురిస్తుంది.

నాలుగవది చాలామంది గమనించనిది. తంగేడు పువ్వులో తేనె ఉండదు, పుప్పొడి మాత్రమే ఉంటుంది. ఆ పుప్పొడి కూడా బయట రాలి ఉండదు. సన్నని సంచుల వంటి కేసరాల లోపల దాగి, కొనన ఉన్న చిన్న రంధ్రంగుండా మాత్రమే వస్తుంది. ఉదయాన ఒక పొద దగ్గర నిలబడండి. నల్లని పెద్ద తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకొని గుంయ్‌మని మోత చేస్తుంది. ఆ అదురుకు ఉప్పు బుడ్డినుంచి ఉప్పు రాలినట్లు పుప్పొడి రాలుతుంది. ఈ విద్య తేనెటీగకు రాదు. మన వంగ పువ్వు కేసరాలు కూడా ఇట్టివే, కొనన రంధ్రం గలవే. వంగ తోటకు, కంది చేనుకు ఈ తుమ్మెదలు వస్తాయి. కంది, వంగ పూయని రోజుల్లో వాటికి తిండి ఎక్కడ? గట్టు మీది తంగేడు వంటి పొదల్లోనే. గట్టు గొరిగినట్లు చేసి, తుమ్మెదలు రాలేదని విచారించి ప్రయోజనమేమి? మరొక మాట, పువ్వు మీద తుమ్మెదలు తిరిగే ఉదయపు వేళ పురుగుమందు కొట్టకండి.

ఇక మందుల సంగతి. పువ్వు కషాయం, పళ్లపుల్ల, బెణికిన చోట ఆకు కట్టు, ఇవన్నీ మన ఊళ్లలో ఉన్న వాడుకలే. నేను వైద్యుణ్ణి కాను. చక్కెర జబ్బుకు డాక్టరు ఇచ్చిన మాత్రలు మానివేసి తంగేడు పూల నీళ్లతో సరిపెట్టుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. ఎముక విరిగితే ఆకు కట్టుతో ఆగక ఆసుపత్రికి పోండి.

ఇప్పుడు చేయవలసిన పని చెబుతాను, శ్రద్ధగా గమనించండి.

గట్టున తంగేడు ఇదివరకే ఉంటే దాన్ని వేరుతో తీయవద్దు. చేనిలోకి కొమ్మలు చాస్తే కొమ్మలు నరకండి. నేలకు జానెడు ఎత్తున, పదునైన కొడవలితో, ఒక్క వేటుకు నరకాలి. మొద్దు చీలరాదు. వానలు మొదలైన తరువాత నరికితే త్వరగా చిగురిస్తుంది. మండు వేసవిలో నరకకండి. బారులో సగం ఈ ఏడు, మిగతా సగం వచ్చే ఏడు నరకండి. సగం ఆకుకు, సగం పువ్వుకు అన్న మాట. గట్టు కూడా ఏ ఏడూ బోడిగా ఉండదు. చేని నడుమ మొలిచిన తంగేడును మాత్రం నేను కాపాడమనను. పంట స్థలం పంటదే.

గట్టు బోడిగా ఉంటే విత్తి పెంచండి. చలికాలంలో కాయలు గోధుమ రంగుకు తిరిగి ఎండినప్పుడు కోసి, ఎండబెట్టి, కొట్టి గింజ తీయండి. ఈ గింజకు పొట్టు గట్టిది, నీరు లోపలికి పోనివ్వదు. విత్తితే కొన్ని ఈ ఏడు, కొన్ని ఎప్పుడో మొలుస్తాయి. అందుకని నీళ్లు మరిగించి పొయ్యి మీదినుంచి దింపి, కాసేపు ఆగి, ఆ వేడినీటిలో గింజలు వేసి తెల్లవారేదాకా నాననివ్వండి. పొయ్యి మీద ఉడికించరాదు సుమా! తెల్లవారి ఉబ్బిన గింజలను ఏరి విత్తండి. ఉబ్బని వాటికి మరొకసారి అదే పని చేయండి. తొలకరి వాన పడి నేల పదునైన తరువాత, గట్టుకు చేను వైపు కాక కింది వాలు వైపున, రెండు సాళ్లలో, అడుగున్నర మొదలు రెండడుగుల ఎడంగా, ఒక సాలులోని మొక్క రెండవ సాలులోని సందుకు ఎదురుగా వచ్చేట్లు గుంతకు మూడు నాలుగు గింజలు వేయండి. మొలిచిన తరువాత బలమైనదాన్ని ఉంచండి. మొదటి ఏడు మొక్క నిదానంగా పెరుగుతుంది. వేరు దిగుతున్నదని గ్రహించి ఓపిక పట్టండి. చుట్టూ గడ్డి కమ్మకుండా చూడండి. రెండు వానకాలాలు గడచేదాకా కొడవలి తాకించవద్దు.

చివరగా పూల మాట. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత, అదే ఏడు తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు. గౌరవం వచ్చినది. కాని బంజర్లు దున్నివేసి, బాటల పక్క పొదలు చదును చేసి, గట్లు సన్నం చేసిన ఊళ్లలో ఆడబిడ్డలు పండుగనాడు ఈ పువ్వు కోసం దూరం నడవవలసి వస్తున్నది. పువ్వు కోసేటప్పుడు కూడా ఒక పద్ధతి ఉన్నది. కొమ్మను మొదలుకంటా విరవకండి. పూగుత్తిని మాత్రం గిల్లండి. పొదకు నాలుగు గుత్తులు విడిచిపెట్టండి. అవి కాయలై, గింజలై వచ్చే ఏళ్లకు పూలవుతాయి. పిల్లలకు ఈ మాట మీరే నేర్పాలి.

పెద్దవ్వ చేను ఏమైనదని మీరడుగవచ్చును. 2017 వేసవిలో గండి పూడ్చి గట్టు పోశారు. ఆ తొలకరికి నేనే గింజలు నానవేసి పట్టుకుపోయినాను. ఇద్దరమూ కూర్చొని గుంతల్లో వేసినాము. మూడవ ఏట మొదటిసారి కొమ్మలు నరికి నారుమడికి వేశారు. ఇప్పుడు గట్టు నిలిచి ఉన్నది. కొట్టుకుపోయిన పైమన్ను మాత్రం తిరిగి రాలేదు. చేనిలో ఆ గండి జాడన పంట ఇప్పటికీ పొట్టిగానే ఉంటుంది. అటుగా పోయినప్పుడల్లా నా కన్ను ఆ పొట్టి సాళ్ల మీదికే పోతుంది. ఒకసారి పెద్దవ్వ అది చూసి, "ఇంకెన్నాళ్లు సూస్తవ్ బిడ్డా, ఇటు సూడు" అని గట్టు చూపించింది. తంగేడు విరగబూసి ఉన్నది.

తోటి విస్తరణాధికారులకు ఒక మనవి. ఒక మొక్కను తీసివేయమని రైతుకు చెప్పే ముందు, అది అక్కడ ఎందుకున్నదో ఆ రైతునే అడగండి. నేను ఆనాడు అడగలేదు. రైతు సోదరులకు ఒక మనవి. ఈ వానకాలానికి ముందు ఒకసారి మీ గట్లు నడచి చూడండి. తంగేడు ఉన్నచోట ఉండనివ్వండి. లేనిచోట గుప్పెడు గింజలు వేయండి. గింజకు వెల లేదు. మన్నుకు ఉన్నది.